లాస్ట్ సప్పర్‌లో ఆ కత్తి ఎవరి చేతిలో ఉంది?

యేసు తన శిష్యులతో చేసిన ఆఖరి భోజనాన్ని లియొనార్డో డావిన్చీ వేసిన 'లాస్ట్ సప్పర్' బొమ్మలో, యేసును పట్టించిన శిష్యుడు యూదా వీపు వెనక కత్తి పట్టుకున్న చెయ్యి ఎవరిదీ కాదంటున్నారు, నిజమేనా అని అడిగారు. నిజం కాదు. అది మరో శిష్యుడు పేతురు కుడి చెయ్యి. 2003లో వచ్చిన ఒక థ్రిల్లర్ నవల పుణ్యమా అని ఆ చెయ్యి ఎవరిదీ కాదనే వాదన బాగా పాకింది. నేనూ చాలామందితో దీని మీద వాదించాను.

ముందు ఆ చుట్టుపక్కల ఉన్న శిష్యుల చేతులు చూడండి. అంద్రెయ రెండు చేతులూ ఎత్తి ఉన్నాడు, కాబట్టి అతనిది కాదు. యూదా ఒక చేత్తో డబ్బు సంచి బిగించి పట్టుకున్నాడు, రెండో చెయ్యి బల్ల మీద చాస్తున్నాడు. చిన్న యాకోబు ఎడమ చెయ్యి అంద్రెయ వెనక నుంచి పేతురును తాకుతోంది. పేతురు ఎడమ చెయ్యి యోహాను భుజం మీద ఉంది. మరి అతని కుడి చెయ్యి ఎక్కడ? కత్తి పట్టుకున్న చెయ్యి అతనిది కాదంటే పేతురుకు కుడి చెయ్యే లేనట్టు.

"మణికట్టు అలా తిరగదు" అంటారు చాలామంది. మా ఇంట్లో స్నేహితులతో ఇదే వాదన వచ్చినప్పుడు ఒకతన్ని లేపి ఆ భంగిమలో నిలబెట్టాం. ఎడమ చెయ్యి పక్కవాడి భుజం మీద వేసి, ముందుకు వంగి, కుడి చేతిని మడిచి నడుము మీద పెట్టుకుని, మణికట్టును వెనక్కి తిప్పాలి. కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ మామూలుగానే కుదిరింది. మీరూ చేసి చూడండి, కత్తి బదులు చెంచా చాలు! ఈ చేతి కోసం లియొనార్డో వేసుకున్న స్కెచ్ ఇంగ్లండ్‌లోని విండ్సర్ రాజసేకరణలో ఉంది.

అసలు అనుమానం ఎందుకొచ్చిందో నాకు మిలాన్ వెళ్లి చూశాకే బాగా అర్థమైంది. శాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠం భోజనశాలలో మనకిచ్చేది 15 నిమిషాలే. బొమ్మ గోడ మీద పైన ఉంటుంది, రంగులు వెలిసిపోయి ఉంటాయి. పేతురు మోచేతి దగ్గర కంటికి ఏదీ స్పష్టంగా ఆనదు. తప్పంతా వేసిన పద్ధతిది. తడి గార మీద వేస్తే రంగు గోడలో ఇంకిపోతుంది, కానీ గార ఆరేలోపే పని ముగించాలి. నిదానంగా, దిద్దుకుంటూ వేయడం లియొనార్డో అలవాటు. అందుకని పొడి గోడ మీదే వేశాడు. 1498 నాటికి బొమ్మ పూర్తయింది, ఆయన బతికుండగానే రంగు పెచ్చులూడటం మొదలైంది. 1978 నుంచి 1999 దాకా సాగిన పునరుద్ధరణలో తర్వాతివాళ్లు పూసిన రంగులు చాలావరకు తీసేశారు. పోయిన చోట్ల పలచటి నీటిరంగు మాత్రమే అద్దారు.

అందుకే నేను ఎవరికైనా చూపించేది 1520 ప్రాంతంలో లియొనార్డో శిష్యుడు జాంపియెత్రినో వేసిన పాత నకలు. లండన్‌లోని రాయల్ అకాడమీది. నెట్‌లో పెద్దది చేసి చూడొచ్చు. అందులో చెయ్యి, మోచెయ్యి, పేతురు ఒళ్లు అన్నీ కలిసే ఉంటాయి.

ఇక కత్తి ఎందుకు పెట్టాడంటారా? ఆ రాత్రే పేతురు ప్రధానయాజకుని దాసుడు మల్కు చెవి నరికాడని యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఉంది. దానికి సూచన అనేది ఎక్కువమంది మాట, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. కాదు, అది వట్టి భోజనపు కత్తే అంటే మాత్రం నేను పోట్లాడను.