పాత సర్ఫేస్ గ్రైండర్‌కు 1.80 లక్షలా, కొత్తదానికి 8.26 లక్షలా?

ప్రశ్న: ఒంగోలులో చిన్న మెషిన్ షాపు నడుపుతున్నాను. పని ఎక్కువగా చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలదే. వానాకాలంలో, ముఖ్యంగా అక్టోబరు, నవంబరుల్లో క్వారీలు మందగిస్తే మాకూ పని తగ్గుతుంది. లోహపు భాగాలను అరగదీసి చదును చేసే మా పాతికేళ్ల నాటి సర్ఫేస్ గ్రైండర్‌లో ఇప్పుడు జాబు (గ్రైండ్ చేసే భాగం) మీద అలల్లాంటి గీతలు పడుతున్నాయి, సైజు నిలబడటం లేదు. మొత్తం బాగుచేయడానికి మిస్త్రీ 1.80 లక్షలు అడిగారు: స్పిండిల్ (వీల్ తిరిగే ఇరుసు) బేరింగులకు 35 వేలు, క్రాస్ ఫీడ్ స్క్రూ, నట్టుకు 15 వేలు, టేబుల్ స్లైడ్లకు 90 వేలు, చక్ (జాబును పట్టి ఉంచే పలక), కూలెంట్ పనులకు 40 వేలు. కొత్తది జీఎస్టీతో 8.26 లక్షలు. పీపీఎఫ్ నుంచి 2.26 లక్షలు తీసి, మిగతా 6 లక్షలు 12 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పు చేద్దామనుకుంటున్నాను. పన్ను కూడా కలిసొస్తుందని డీలరు చెప్పారు. వచ్చే జూన్‌లో అమ్మాయిని ఇంజినీరింగ్‌లో చేర్చాలి. ఖర్చులు పోను గ్రైండర్ మీద నెలకు 15 వేలు మిగులుతున్నాయి. టర్నోవర్ 18 లక్షలు, జీఎస్టీ నమోదు లేదు, రిటర్ను ప్రిజంప్టివ్ పద్ధతిలో (టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపి) వేస్తున్నాను.

జవాబు: కొత్త మెషిన్ ఇప్పుడు వద్దు. మీరనుకున్న 6 లక్షల అప్పుకు నెల వాయిదా సుమారు 13,350 రూపాయలు. గ్రైండర్ మిగిల్చే 15 వేలల్లో దాదాపు అంతా దానికే పోతుంది. క్వారీలు ఆగిన నెలల్లో వాయిదా మీ ఇంటి ఖర్చులోంచి కట్టాలి. అయిదేళ్లలో వడ్డీ ఒక్కటే రెండు లక్షలు.

పన్ను కలిసొస్తుందన్న మాట మీ విషయంలో నిలవదు. ప్రిజంప్టివ్ పద్ధతిలో తరుగుదల (మెషిన్ విలువలో ఏటా తగ్గే భాగం), అప్పు వడ్డీ అన్నీ పోగా మిగిలిందే టర్నోవర్‌లో 8 శాతం లేదా 6 శాతం లాభమని చట్టం భావిస్తుంది. కొత్త మెషిన్ మీద 15 శాతం తరుగుదలను మీరు విడిగా చూపలేరు. జీఎస్టీ నమోదు లేదు కాబట్టి మెషిన్ అసలు ధర 7 లక్షల మీద కట్టే 1.26 లక్షల పన్ను కూడా తిరిగి రాదు. ఇంత ఖరీదైన సరుకు అమ్మేవారు కొనేవారి రిటర్ను ఎలా వేస్తున్నారో అడగకుండా పన్ను లాభం గురించి చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది.

పీపీఎఫ్ విషయంలో అంకెలు వేరే మాట చెబుతాయి, అదీ దాచను. దాని మీద వడ్డీ 7.1 శాతం, అప్పు మీద 12. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత తీసుకునే వీలూ ఉంది. కాగితం మీద ఆ డబ్బు వాడటమే చవక. అయినా వద్దంటున్నాను. అప్పయితే బ్యాంకు నెలనెలా గుర్తుచేసి కట్టించుకుంటుంది. పీపీఎఫ్ నుంచి తీసింది తిరిగి వేయమని మిమ్మల్ని ఎవరూ అడగరు, జూన్ మాత్రం వచ్చేస్తుంది. అది అమ్మాయి ఫీజు డబ్బు, అలాగే ఉండనివ్వండి.

ఇక మరమ్మతు. 1.80 లక్షలూ ఒకేసారి పెట్టాల్సిన పని లేదు, కానీ వరుస తప్పకూడదు. ముందుగా గ్రైండింగ్ వీల్ బ్యాలెన్స్ చేయించి, బెల్టు మార్చి చూడండి. ఆ గీతలకు కారణం ఒక్కోసారి అదే, దానికయ్యేది చిన్న ఖర్చు. తగ్గకపోతే మెషిన్ ఆపి, వీల్ దగ్గర స్పిండిల్‌కు డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి, చేత్తో పైకి ఎత్తి చూడండి. ముల్లు కదిలి మళ్లీ వెనక్కి వస్తోందంటే బేరింగులు వదులయ్యాయన్నమాట. తర్వాత చక్ నిండా పట్టే పలక ఒకటి గ్రైండ్ చేసి, నాలుగు మూలలా, మధ్యలో మైక్రోమీటరుతో కొలవండి. చిన్న జాబులన్నీ టేబుల్ నడుమనే పెట్టి ఏళ్ల తరబడి చేస్తే స్లైడ్లు ఆ మేరకే అరుగుతాయి. వీల్ పొడి నూనెలో కలిసి స్లైడ్ల మధ్యకు చేరితే అరుగుదల ఇంకా పెరుగుతుంది. ఈ కొలతలు రాసుకున్నాకే మిస్త్రీతో బేరం మాట్లాడండి.

మొదటి విడత బేరింగులు, స్క్రూ నట్టు: 50 వేలు. ఇది చేతి డబ్బుతో కానీ, ముద్ర పథకంలో 50 వేల వరకు ఇచ్చే శిశు రుణంతో కానీ అవుతుంది. గీతలు పోయి సైజు నిలబడి, పలక కొలతల్లో తేడా మీ జాబులకు ఇబ్బంది లేనంత తక్కువుంటే స్లైడ్ల పని ఏడాది ఆగినా నష్టం లేదు. తేడా ఎక్కువుంటే క్వారీలు మందగించే వానల నెలల్లోనే స్లైడ్లు విప్పించండి. ఆ 90 వేలు 12 శాతానికి రెండేళ్ల అప్పుగా తీసుకుంటే వాయిదా సుమారు 4,240 రూపాయలు, 15 వేల మిగులు దాన్ని మోస్తుంది. మెషిన్ విప్పి ఉన్నన్నాళ్లూ పాత ఖాతాదారుల జాబులు లాభం లేకపోయినా వేరే షాపులో చేయించి ఇవ్వండి. ఒకసారి మరో గుమ్మం అలవాటైన ఖాతాదారును తిరిగి తెచ్చుకోవడం కష్టం.

చక్ గ్రైండింగ్ ఎప్పుడూ చివరనే. స్లైడ్లు సరిచేయకముందే చక్ చదును చేయిస్తే, స్లైడ్ల పని అయ్యాక మళ్లీ అదే ఖర్చు పెట్టాలి. మిస్త్రీ ఇచ్చే కాగితంలో బేరింగుల కంపెనీ పేరు, 300 మిల్లీమీటర్ల పొడవున చదునులో తేడాను ఎన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు తెస్తారన్న హామీ రాయించుకోండి. అడ్వాన్సు సగం దాటనివ్వకండి. మీరు ముందు కొలిచిన పలకనే మళ్లీ గ్రైండ్ చేసి, అయిదు చోట్లా కొలిచాక మిగతా డబ్బు ఇవ్వండి.

అప్పు తీరాక అదే 4,240 రూపాయలను షాపు పేరు మీద రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ పొండి. ఏడాదికి 50 వేలు దాటుతుంది. ఈ మెషిన్‌కు తర్వాత వచ్చే మరమ్మతులకైనా, టర్నోవర్ 20 లక్షలు దాటి జీఎస్టీ నమోదు చేసుకున్న తర్వాత కొత్తదానికైనా ఆ డబ్బే వాడండి. అప్పటికి కొత్త మెషిన్ మీద కట్టిన జీఎస్టీ కూడా మీకు క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది.