బ్రేకులు ముందు, టర్బో తర్వాత

ప్రశ్న: మేస్త్రి గారూ, మాది రాయగడ. నా దగ్గర పాత స్విఫ్ట్ 1.3 పెట్రోల్ ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద సరదాగా నడపాలని కోరిక. పవర్ పెరగడానికి ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో పెట్టించమంటారా?

జవాబు: తమ్ముడూ, ఇప్పుడే వద్దు. పవర్‌తో పాటు వేడీ పెరుగుతుంది. ఆ వేడికి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోతుంది, ఆ అదనపు పవర్‌కి క్లచ్ పోతుంది. ఆ ఇంజిన్ గట్టిది, ఉన్నదున్నట్టు ఉంచండి.

మొదట బ్రేకులు చూడండి. కొరాపుట్ ఘాట్ దిగి జయపురంలో మా షెడ్డుకి వచ్చే కొన్ని బండ్లలో పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్ విప్పితే టీ డికాక్షన్ రంగులో ఫ్లూయిడ్, దాని వెంట బుడగలు. ఫ్లూయిడ్ మరిగితే వచ్చే ఆ బుడగల వల్లే పెడల్ మెత్తబడుతుంది. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ట్రాక్‌కి వెళ్లే ముందు ఫ్లూయిడ్ మొత్తం మార్పించండి, వేడిని తట్టుకునే బ్రేక్ ప్యాడ్లు వేయించండి. తర్వాత మంచి టైర్లు. రేడియేటర్ హోసులు ముదిరిపోయి ఉంటే అవీ మార్చాలి.

ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దగ్గర ఉండాలి. పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి ఒరిగితే ఆయిల్ పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు అరిగిపోతాయి. నాకు అన్నిటికంటే భయం ఇదే. సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో) అడ్డురేకులు పెట్టిస్తే ఇంకా మంచిది.

చివరి ల్యాప్ నెమ్మదిగా, బ్రేకు పెద్దగా తొక్కకుండా తిరగండి. ఆపాక, బ్రేకులు వేడిగా ఉండగా హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, గేర్‌లో ఉంచి చక్రాలకి రాయి పెట్టండి.