డూలాలీ అంటే నేను చదువుకున్న ఊరు

"మా మేనేజర్ ఊరికే 'ఐయామ్ గోయింగ్ డూలాలీ' అంటుంటాడు. తిట్టా? అసలు ఏ భాష మాట?" అని అడిగారు కదా. తిట్టు కాదు. "నాకు మతి పోతోంది", "బుర్ర పనిచేయట్లేదు" అన్నట్టు వాడతారు, ఎక్కువగా తమ గురించి తామే. పుట్టిల్లు మాత్రం మన దేశమే.

నేను మొదట విన్నది ఇంగ్లండ్‌లోని లీసెస్టర్‌లో, నర్సుగా చేరిన కొత్తలో. ఎనభై దాటిన ఒక పెద్దావిడ కళ్లద్దాలు కనబడట్లేదని నా చేత దిండు కింద, దుప్పట్లో, సొరుగులో అంతా వెతికించింది. తీరా చూస్తే నెత్తిమీదే ఉన్నాయి. "పూర్తిగా డూలాలీ అయిపోయాను తల్లీ" అని నవ్వింది. వాళ్ల నాన్న ఇండియాలో సోల్జరుగా చేశాడట. "డియోలాలీ అని అక్కడేదో ఊరుందట, దాని పేరే ఇది" అంది. బీపీ పట్టీ నా చేతిలో అలాగే ఉండిపోయింది.

మేం ఉన్న దేవ్‌లాలీయే అది! ముంబై నుంచి వస్తుంటే నాసిక్ రోడ్‌కి ముందు స్టేషన్. నాన్న ఆర్టిలరీలో హవల్దారు, నాలుగు, ఐదు తరగతులు నేను అక్కడే చదివాను. ఫైరింగ్ ఉన్న రోజు అమ్మ అల్మారాలో స్టీలు గ్లాసులు గణగణమనేవి.

తెల్లదొరల కాలంలో అక్కడ పెద్ద ట్రాన్సిట్ క్యాంపు ఉండేది. సర్వీసు అయిపోయిన బ్రిటిష్ సిపాయిలని అక్కడికి పంపి, బొంబాయిలో ఓడ ఎక్కించేవాళ్లు. చిక్కంతా ఓడలతోనే. అవి చలికాలం నెలల్లోనే నడిచేవి. ఎండాకాలం మొదట్లో సర్వీసు పూర్తయినవాడు మళ్లీ చలికాలం దాకా అక్కడే పడి ఉండాలి. పెద్దగా పని లేదు, ఎండ, మలేరియా, మందు. ఇంటికి పోయే తేదీ లేదు. అలా ఉండి ఉండి తిక్కగా ప్రవర్తించేవాణ్ణి చూసి "వీడికి డూలాలీ తప్ పట్టింది" అనేవాళ్లు. తప్ అంటే హిందుస్తానీలో జ్వరం, మన "తాపం"కి చుట్టమే. వాడగా వాడగా తప్ ఊడిపోయి ఊరి పేరు మిగిలింది.

ఇదేం వింత కాదు లెండి. హైదరాబాద్‌లో "ఎర్రగడ్డలో చేర్పించాలి వీణ్ణి" అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు కదా. కాకపోతే అక్కడ నిజంగానే మానసిక వైద్యశాల ఉంది. దేవ్‌లాలీకి ఆ పేరు తెచ్చింది మాత్రం, జనం ఎక్కువగా చెప్పుకునే కథ ప్రకారం, ఎదురుచూపులే.

మీరూ వాడొచ్చు, కానీ మీ గురించే వాడండి. నిజంగా మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల దగ్గర అస్సలు వద్దు, బాధపడతారు. ఆఫీసు మెయిల్లో కూడా రాయకండి.

ఆ ఊళ్లోనే చదివానని చెప్తే పెద్దావిడ మొదట నమ్మలేదు. నమ్మాక, డిశ్చార్జి అయ్యేదాకా నన్ను "డూలాలీ అమ్మాయి" అనే పిలిచింది.