కౌన్సెలింగ్‌లో ఆయన ఎదురుగా కూర్చోవాల్సిందేనా?

ప్రశ్న: మాది వరంగల్. ఇద్దరు పిల్లలు. దెబ్బలు భరించలేక ఏడాదిగా అమ్మవాళ్లింట్లో ఉంటున్నాను. కాపురానికి రమ్మంటూ ఆయన ఫ్యామిలీ కోర్టులో కేసు వేశారు. వచ్చే వాయిదాకి ఇద్దరినీ కౌన్సెలింగ్‌కి రమ్మన్నారు. ఆఖరి గొడవలో నా గొంతు పట్టుకున్నారు. ఆయన్ని చూస్తేనే వణుకు వస్తుంది. వెళ్లకపోతే కేసు పోతుందా? విడిగా మాట్లాడతానని అడగొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వాయిదా మాత్రం ఎగ్గొట్టకండమ్మా. మీరు రాలేదని రికార్డయితే ఎక్స్‌పార్టీ, అంటే మీ వాదన వినకుండానే తీర్పు, అయ్యే ప్రమాదం ఉంది. విడిగా మాట్లాడతానని నిక్షేపంగా అడగొచ్చు. కానీ ఆ రోజు కౌన్సెలర్ ముందు కూర్చున్నాక కాదు, ముందే, కాగితం మీద.

ఇద్దరినీ రాజీ చేసే ప్రయత్నం కోర్టు చేయాలని ఫ్యామిలీ కోర్టుల చట్టం (1984) సెక్షన్ 9 చెబుతుంది. అయితే కేసు స్వభావం, పరిస్థితులను బట్టి సాధ్యమైన చోటే అని కూడా అందులోనే ఉంది. ఈ రెండో ముక్క ఎవరికీ గుర్తుండదు. ‘ఇంట్లో కొట్టడం ఉందా, ఈ మనిషంటే భయమా’ అని విడిగా అడిగాకే కలిపి కూర్చోబెట్టాలి. చాలాచోట్ల అలా అడగరు. అందుకే మీరే చెప్పాలి.

ఆ ప్రశ్నలన్నీ గృహహింస చట్టం (2005) నియమాల్లో సిద్ధంగా ఉన్నాయి. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలోని ప్రొటెక్షన్ ఆఫీసర్ని (ఈ చట్టం కింద బాధితులకు సాయపడే అధికారి) గానీ, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాన్ని గానీ కలవండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఫారం 1లో గృహహింస నివేదిక, ఫారం 5లో భద్రతా ప్రణాళిక రాయించుకోండి. ఏం జరిగింది, ఇకపై దేనికి భయపడుతున్నారు, కోర్టు ఏం చేయాలి అన్నవి ఫారం 5లో విడివిడి గడుల్లో ఉంటాయి. గొంతు పట్టుకోవడాన్ని ‘కొట్టాడు’ అన్న మాటలో కలిపేయకండి. నా దృష్టిలో అది చెంపదెబ్బ లాంటిది కాదు, ప్రాణాపాయానికి సూచన. తేదీ, పిల్లలు చూశారా, ఆస్పత్రి చీటీ ఉందా అన్నవి విడిగా రాయించండి.

ఆ కాపీలు జతచేసి మీ లాయరు ద్వారా ఫ్యామిలీ కోర్టులో మెమో (రాతపూర్వక విన్నపం) వేయించండి: కౌన్సెలింగ్ విడివిడిగా జరపాలి, మీకు తోడుగా ఒకరిని అనుమతించాలి, మీరు వెళ్లిపోయాకే ఆయన్ని పంపాలి. గొడవ గదిలో కంటే గేటు బయటే ఎక్కువ జరుగుతుంది.

గృహహింస చట్టం సెక్షన్ 14 ప్రకారం మేజిస్ట్రేట్ కౌన్సెలింగ్‌కి విడిగానైనా, కలిపైనా పంపొచ్చు. అక్కడ భర్త తాను కొట్టడాన్ని సమర్థించుకోవడానికి వీల్లేదని ఆ చట్టం నియమాల్లో 14వ నియమం. ‘ఎదురు మాట్లాడింది కాబట్టి చెయ్యి చేసుకున్నా’ అంటే చెల్లదు. ఇది మేజిస్ట్రేట్ పంపే కౌన్సెలింగ్‌కి సంబంధించిందే అయినా, మీ మెమోలో ప్రస్తావిస్తే బరువుంటుంది.

గృహహింస చట్టం సెక్షన్ 26 కింద రక్షణ ఉత్తర్వు (ఆయన మళ్లీ హింసకు దిగకుండా ఆపే ఆదేశం) ఇదే ఫ్యామిలీ కోర్టులో కోరవచ్చు. అది వచ్చాక ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పిల్లలకు హాని అనిపిస్తే ఆయన వాళ్లను కలవడానికీ కోర్టు అనుమతి నిరాకరించవచ్చు (సెక్షన్ 21).

లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోన్ 15100. వాయిదాకి వారం ముందైనా వెళ్లండి.