సిస్టమ్స్ అనలిస్ట్ కావాలంటే ఏ ఎం.ఎస్.లో చేరాలి?

కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి అమెరికాకు రాబోయే పిల్లలు, వారి తల్లిదండ్రులు తరచుగా అడిగే సందేహం ఒకటుంది: సిస్టమ్స్ అనలిస్ట్ ఉద్యోగమే లక్ష్యమైనప్పుడు కంప్యూటర్ సైన్సులో చేరాలా, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో చేరాలా? సీఎస్ఈ కాకపోతే అసలు చదువే కాదన్న నమ్మకం మన జిల్లాల్లో బలంగా ఉంది కనుక రెండో పేరు చెప్పగానే మొహాలు చిన్నబోతాయి. అయినా ఈ ఉద్యోగానికి ఆ రెండోదే మెరుగని నా అభిప్రాయం. కాకపోతే చేరే ముందు దాని సిలబస్సునూ, విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే కోడునూ చూసుకోవాలి.

అనలిస్ట్ పని ప్రోగ్రాము రాయడానికి చాలా ముందే మొదలవుతుంది. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల మేత అమ్మే దుకాణానికి సాఫ్ట్‌వేర్ చేయించాలనుకుందాం. అరువు లెక్కలు కనబడితే చాలంటారు యజమాని. అనలిస్ట్ అక్కడితో ఊరుకోకూడదు. మేత ఏ గుంటకు వెళ్ళింది, బాకీ మొత్తం పట్టుబడి నాడే తీరుతుందా, కిలోకు 40 రొయ్యలు తూగితే ఒక ధర, 60 తూగితే మరో ధర కదా, ఆ కౌంటును ఎవరి ఎదుట తేలుస్తారు, వైరస్ సోకి పంట పోతే ఆ బాకీని వచ్చే పంటకు మారుస్తారా అని ఒక్కొక్కటే అడిగి, ఆ జవాబులను పట్టికలుగా, సమాచారం ఎటునుంచి ఎటు వెళుతుందో చూపే డేటా ఫ్లో చిత్రాలుగా మార్చి, ప్రోగ్రామరుకు అనుమానం మిగలకుండా రాసివ్వాలి. ఇక్కడ అమెరికాలో ఆసుపత్రి బిల్లింగులోనూ, బీమా సంస్థలోనూ జరిగేది ఇదే.

కాబట్టి సిలబస్సులో సిస్టమ్స్ అనాలిసిస్ అండ్ డిజైన్, డేటాబేస్, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ తప్పక ఉండాలి. కనీసం ఒక ప్రోగ్రామింగ్ కోర్సు, వీలైతే కాస్త అకౌంటింగ్ కూడా ఉంటే మంచిది. డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే భాష ఎస్‌క్యూఎల్ రాకుండా ఈ వృత్తిలో నెగ్గుకురావడం కష్టం. సగం సిలబస్సు మార్కెటింగ్, నాయకత్వం వంటి వాటితో నిండి ఉంటే, పేరెంత ఘనంగా ఉన్నా ఆ కోర్సును వదులుకోండి. కంప్యూటర్ సైన్స్ చదివినవారికి ఈ ఉద్యోగం రాదని కాదు. అయితే అల్గారిథమ్‌ల సిద్ధాంతం మీద ఇష్టం లేకుండా కేవలం పరువు కోసం అందులో చేరడం ఎందుకు?

ఇక కోడు సంగతి. ఐ-20లో చదువు పేరుతో పాటు, అది ఏ విభాగానికి చెందిందో తెలిపే సీఐపీ కోడు ఉంటుంది. చదువు ముగిశాక, విద్యార్థి వీసా మీదే చదివిన రంగంలో ఉద్యోగం చేయనిచ్చే ఓపీటీ కింద 12 నెలలు పనిచేయవచ్చు. ఆ కోడు ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే మరో 24 నెలల పొడిగింపుకు అర్హత వస్తుంది, అప్పుడు కూడా ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో యజమాని నమోదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్‌కు 11.0701, కంప్యూటర్ సిస్టమ్స్ అనాలిసిస్‌కు 11.0501 కోడులున్నాయి, రెండూ ఆ జాబితాలోవే. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అన్న పేరుతో నడిచే కోర్సులను మాత్రం అన్ని విశ్వవిద్యాలయాలూ ఒకే కోడు కింద ఉంచవు. అందుచేత డిపాజిట్ కట్టకముందే అడ్మిషన్ల కార్యాలయానికి ఈమెయిల్ రాసి, కోడును రాతపూర్వకంగా తెప్పించుకుని, తాజా జాబితాతో సరిచూసుకోండి. కన్సల్టెన్సీవారి నోటిమాట ఇందుకు చాలదు.

ఫీజు తక్కువని లాభాపేక్షతో నడిచే విద్యాసంస్థల్లో చేరాలనుకునేవారు ఇంకొకటి గమనించాలి. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసాలో ఏటా ఇచ్చే 65,000కు అదనంగా అమెరికా మాస్టర్స్ పట్టా ఉన్నవారికి కేటాయించిన 20,000 వీసాలకు అటువంటి సంస్థల పట్టా పనికిరాదు.

మూడేళ్ళ బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ చదివినవారికి మొత్తం 15 ఏళ్ళ చదువే అవుతుంది. 16 ఏళ్ళు అడిగే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి కనుక దరఖాస్తు రుసుము కట్టకముందే ఆ విషయం తేల్చుకోవాలి; మన దగ్గరే ఎంసీఏ పూర్తిచేసి రావడం మరో మార్గం.

అన్నీ చూశాక రెండు కోర్సులు సమానంగా తోస్తే, సిస్టమ్స్ అనాలిసిస్ పాఠం బోధించే ఆచార్యుల సిలబస్సు ప్రతిని అడిగి తెప్పించుకుని, బయటి సంస్థ ఒకదాని అవసరాలు సేకరించి నివేదిక రాసే ప్రాజెక్టు దేనిలో ఉందో చూసి, అందులో చేరండి.