ఆరు గెలిచి ఆరు ఓడిన టీంకి డిసెంబర్‌లో ప్రాక్టీస్ దేనికి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ (కాళ్ళతో తన్నేది కాదు, చేత్తో పట్టుకుని పరుగెత్తేది) టీంలు సీజన్ అయ్యాక డిసెంబర్‌లో అదనంగా ఆడే బౌల్ మ్యాచ్‌ల గురించి. 2011లో నేను ఇల్లినాయ్ యూనివర్సిటీ ఉన్న అర్బానా-షాంపేన్‌లో చదువుకున్నా, ఆ ఏడాది ఇల్లినాయ్ టీంతో పాటు నేనూ చాలా బాధపడ్డా, అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా.

మా అబ్బాయి అక్కడ ఎమ్మెస్ చేస్తున్నాడండీ. వాళ్ళ కాలేజీ టీం 12 ఆటలాడి 6 గెలిచింది, 6 ఓడింది. అయినా బౌల్‌కి వెళ్తున్నాం అని ఫోన్లో ఒకటే సంబరం. సగం ఓడిపోయాక సంబరమేంటి, అసలు ఈ బౌల్ అంటే ఏ గిన్నె? — ఒక అమ్మ, ఖమ్మం

అమ్మా, మీరు గిన్నె అన్నారు చూడండి, అది నిజంగా గిన్నే. ఆటస్థలం గుండ్రంగా, లోతుగా, చుట్టూ మెట్లతో గిన్నె ఆకారంలో కట్టారు కాబట్టి ఆ పేరొచ్చింది. యేల్ యూనివర్సిటీ వాళ్ళది 1914లో కట్టారు, అది చూసి కాలిఫోర్నియాలోని పాసడీనాలో 1922లో రోజ్ బౌల్ స్టేడియం కట్టారు, ఏటా అక్కడ జరిగే కొత్త సంవత్సరం మ్యాచ్‌కి కూడా అదే పేరు స్థిరపడిపోయింది. ఆ మ్యాచ్ మొదటిసారి ఆడింది మాత్రం అంతకు చాలా ముందు, 1902లో, మిషిగన్ 49 స్టాన్‌ఫర్డ్ 0. తర్వాత ఊరూరా ఒక బౌల్ పుట్టుకొచ్చింది, ఇప్పుడు 40 దాకా ఉన్నాయి.

ఇక సంబరం సంగతి. 12లో 6 గెలిస్తేనే బౌల్‌కి అర్హత. మన పదో తరగతిలో 35 మార్కులు అనుకోండి. 36 వచ్చినవాడికీ 35 వచ్చినవాడికీ పెద్ద తేడా ఉండదు, కానీ 34 దగ్గర ఆగిపోయినవాడి ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. ఐదు దగ్గర ఆగిపోయిన టీం నవంబర్ చివరి వారంలో హెల్మెట్లు అప్పజెప్పి ఇళ్ళకి వెళ్ళిపోతుంది, ఆరు గెలిచిన టీంకి ఇంకో నెల ఆట ఉంటుంది. ఒక్కోసారి బౌల్‌లకి సరిపడా టీంలు దొరకవు, అప్పుడు 5 గెలిచి 7 ఓడినవాళ్ళని కూడా పిలుస్తారు, అది కూడా ఎవర్ని పడితే వాళ్ళని కాదు, ఆటగాళ్ళ చదువు ఎలా సాగుతోందో కొలిచే లెక్క ఒకటుంది, అందులో ముందున్న కాలేజీలకే పిలుపు. 2015లో అలా నెబ్రాస్కా, మినెసోటా, శాన్ హోసే స్టేట్ మూడూ వెళ్ళాయి, మూడూ గెలిచాయి! నెబ్రాస్కా అయితే లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీ టీం యూసీఎల్‌ఏని 37-29తో ఓడించింది. అందుకని మీ అబ్బాయిని సంబరపడనివ్వండమ్మా.

అన్నా, మా టీం చివర్లో వరసపెట్టి ఓడింది, కోచ్‌ని తీసేశారు, కొత్తాయన ఇంకా చేతుల్లోకి తీసుకోలేదు. అయినా రోజూ ప్రాక్టీస్ చేస్తున్నారు. ఎవరి కోసం, ఏం ప్రాక్టీస్ చేస్తారు అసలు? — ఒక స్టూడెంట్, డాలస్

తమ్ముడూ, నువ్వు రాసింది చదవగానే నాకు 2011 ఇల్లినాయ్ టీం గుర్తొచ్చింది. ఆ ఏడు మొదటి ఆరు మ్యాచ్‌లూ గెలిచారు. అరిజోనా స్టేట్ మీద 17-14, వెస్టర్న్ మిషిగన్ మీద 23-20, నార్త్‌వెస్టర్న్ మీద 38-35, అన్నీ ఊపిరి బిగబట్టి చూసినవే, షాంపేన్‌లో ఎవర్ని కదిపినా ఫుట్‌బాల్ మాటే. ఆ తర్వాత ఒహాయో స్టేట్ వచ్చింది, వాళ్ళు ఆ రోజు మొత్తం మ్యాచ్‌లో ఒకే ఒక్క పాస్ (ముందుకి విసిరిన బంతిని తమవాడు పట్టుకోవడం) పూర్తి చేశారు, ఒకే ఒక్కటి, అయినా మేం 17-7తో ఓడాం. తర్వాత పర్డ్యూ. తర్వాత పెన్ స్టేట్, మంచు పడుతుంటే 10-7, ఆఖరి క్షణంలో మా కిక్కర్ 42 గజాల నుంచి కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది (పెన్ స్టేట్ కోచ్ జో పటర్నోకి అది 409వ గెలుపు, అదే చివరిది కూడా). ఆ తర్వాత మిషిగన్, విస్కాన్సిన్, చివరికి మినెసోటా చేతిలో కూడా 27-7. ఆరు గెలిచి వరసగా ఆరు ఓడాం. మర్నాడు కోచ్ రాన్ జూక్‌ని తీసేశారు. ఆ ఆదివారం క్యాంపస్ ఎలా ఉందంటే, ఇంట్లో ఎవరో పోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

కానీ ఆరు గెలిచారు కదా, కాబట్టి బౌల్ ఉంది. డిసెంబర్ 31న శాన్ ఫ్రాన్సిస్కోలో క్రాఫ్ట్ ఫైట్ హంగర్ బౌల్. ఎదురుగా యూసీఎల్‌ఏ, వాళ్ళ పరిస్థితి మాకన్నా ఘోరం. సదరన్ కాలిఫోర్నియా చేతిలో 50-0తో ఓడారు, కానీ ఆ టీం మీద నిషేధం ఉండటంతో వాళ్ళ బదులు వీళ్ళే కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే కాలేజీల గుంపు) ఫైనల్‌కి వెళ్ళి ఒరెగన్ చేతిలో 49-31తో ఓడి 6-7 అయ్యారు, అర్హత పోయింది, ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుని బౌల్‌కి వచ్చారు. వాళ్ళ కోచ్ రిక్ న్యూహైజల్‌ని కూడా అప్పటికే తీసేశారు. అంటే రెండు టీంలకీ తాత్కాలిక కోచ్‌లే. మాకు డిఫెన్స్ చూసే విక్ కెనింగ్‌కి ఆ బాధ్యత ఇచ్చారు, అఫెన్స్, అంటే దాడి, చూసే ఆయనేమో ఆర్కన్సాకి వెళ్ళిపోయాడు, టలీడో నుంచి కొత్త కోచ్ టిమ్ బెక్‌మన్‌ని డిసెంబర్ 9న ప్రకటించారు కానీ బౌల్ అయ్యేదాకా టీం కెనింగ్ చేతిలోనే.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తా, ఏం ప్రాక్టీస్ చేస్తారు అని. బౌల్ ప్రాక్టీస్‌లు సుమారుగా 15 ఉంటాయి. వీటిని మూడు ముక్కలుగా చూస్కో. మొదటి ముక్క పరీక్షల చుట్టూ. డిసెంబర్ రెండో మూడో వారాల్లో ఫైనల్స్ ఉంటాయి, పిల్లలు ఉదయం పరీక్ష రాసి మధ్యాహ్నం ఫీల్డ్‌కి వస్తారు. ఈ రోజుల్లో ప్రత్యర్థి పేరే ఎత్తరు. సీనియర్లు మోకాళ్ళు, భుజాల దెబ్బలు మాన్పుకుంటూ పక్కన ఉంటారు, మైదానం అంతా కుర్రాళ్ళది. సీజన్ అంతా వీళ్ళ పని ఏంటో తెలుసా, స్కౌట్ టీం. అంటే రేపు ఆడబోయే ప్రత్యర్థి ఎలా ఆడతాడో వీళ్ళు వాళ్ళలా నటించి చూపించాలి, మెయిన్ టీం వీళ్ళ మీద సాధన చేస్తుంది. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ప్రతి వారం వేరేవాళ్ళ ఆట ఆడి, వేరేవాళ్ళ నంబర్ వేసుకుని, రోజూ దెబ్బలు తిని, శనివారం మాత్రం యూనిఫాం వేసుకుని గట్టు మీద నిలబడటం. అలాంటి పిల్లాడికి డిసెంబర్‌లో మొదటిసారి సొంత ఆట నేర్పిస్తారు, అడుగు ఎలా వెయ్యాలి, చెయ్యి ఎక్కడ పెట్టాలి, టాకిల్ చేసేటప్పుడు, అంటే ఎదుటివాణ్ణి పట్టి పడగొట్టేటప్పుడు, తల ఏ పక్కన ఉండాలి, మొదట్నుంచీ. ఓడిన టీంకి ఇది ఎంత అవసరమో చెప్పలేను, ఎందుకంటే వచ్చే ఏడు ఆడాల్సింది వీళ్ళే.

రెండో ముక్కలో ప్రత్యర్థి వస్తాడు. వీడియోలు, ఎన్ని గంటలైనా వీడియోలు. క్లాసులు లేవు కాబట్టి ప్రాక్టీస్ వారానికి 20 గంటలు మించకూడదు అనే రూల్ కూడా సెలవుల్లో ఉండదు. యూసీఎల్‌ఏ అప్పట్లో పిస్టల్ అనే పద్ధతిలో ఆడేది, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) తనకి బంతి అందించే ఆటగాడికి నాలుగు గజాల వెనక నిలబడతాడు, పరుగెత్తేవాడు అతని వెనక. దానికి ఎదురు నిలవాలంటే ముందు ఎవరో ఒకరు అలా ఆడి చూపించాలి, మళ్ళీ ఆ స్కౌట్ కుర్రాళ్ళే.

మూడో ముక్క ఊరెళ్ళడం. మ్యాచ్‌కి కొన్ని రోజుల ముందే వెళ్తారు, అక్కడ ప్రాక్టీస్, సాయంత్రం విందులు, పిల్లల ఆసుపత్రికి వెళ్ళి పలకరించడం లాంటివి. క్రిస్మస్‌కి ఇంట్లో ఒకటి రెండు రోజులు ఉండి ఏర్‌పోర్ట్‌లో కలుసుకుంటారు చాలా టీంలవాళ్ళు. నెల రోజులు మ్యాచ్ లేకపోతే ఒంట్లో ఆ వేగం తగ్గిపోతుంది, టాకిల్స్ జారిపోతాయి, కోచ్‌లకి అసలు భయం అదే, మరీ గట్టిగా ఆడిస్తే దెబ్బలు, మెత్తగా ఆడిస్తే మొదటి క్వార్టర్ (ఆటలో మొదటి పావు వంతు) పోతుంది.

డిసెంబర్ 31 మ్యాచ్ బేస్‌బాల్ గ్రౌండ్‌లో, చోటు చాలక రెండు టీంలూ ఒకే గట్టు మీద నిలబడ్డాయి. నేను షాంపేన్‌లో రూమ్మేట్స్‌తో టీవీలో చూశా, ముగ్గురు తెలుగువాళ్ళం, హీటర్ పక్కన కూర్చుని, ఎవ్వరం మాట్లాడుకోలేదు. టెరీ హాథార్న్ అవతలి క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని మధ్యలో పట్టుకుని 39 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతితో అవతలి గీత దాటాడు, అప్పుడు లేచాం. 20-14. ఇల్లినాయ్ చరిత్రలో వరసగా రెండేళ్ళు బౌల్ గెలవడం అదే మొదటిసారి, అంతకు ముందు ఏడు టెక్సస్ బౌల్‌లో బేలర్‌ని 38-14తో ఓడించారు.

ఎవరి కోసం ఆడతారు అన్నావు. పాత కోచ్ కోసం కాదు, కొత్త కోచ్ కోసమూ కాదు. కెనింగ్ ఆ తర్వాత నార్త్ కరొలైనాకి వెళ్ళిపోయాడు, ఇల్లినాయ్‌లో ఆయనకి మిగిలేదేం లేదు, అయినా ఆ నెలంతా రోజూ ఫీల్డ్ మీదే ఉన్నాడు. నాలుగేళ్ళు ఒకే గదిలో బట్టలు మార్చుకున్న సీనియర్లకి ఆఖరి మ్యాచ్ మినెసోటా చేతిలో 27-7 కాకూడదు, అంతే తమ్ముడూ. నాకిప్పటికీ దానికి మించిన కారణం కనపడదు.

స్టార్ ప్లేయర్లు బౌల్ ఆడకుండా వెళ్ళిపోతున్నారు. టీంని నడి సముద్రంలో వదిలేసినట్టు కాదా? — ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

మీ కోపం నాకర్థమైంది కానీ నేను వాళ్ళని తప్పు పట్టలేనండీ. 2016 జనవరి 1న ఫియస్టా బౌల్‌లో నోటర్‌డామ్ ఆటగాడు జేలన్ స్మిత్ మోకాలు దెబ్బతింది. డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ టీంలు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకోవడం) మొదటి రౌండ్‌లోనే ఎంపికవుతాడు అనుకున్నవాడు 34వ స్థానానికి జారాడు, ఆ ఏడంతా ఆడలేదు. అదే ఏడు చివర్లో క్రిస్టియన్ మెకాఫ్రీ, లెనర్డ్ ఫోర్నెట్ మేం బౌల్ ఆడం అన్నారు, అక్కణ్ణుంచి అది మామూలైపోయింది. 20 ఏళ్ళ కుర్రాడికి మొత్తం కుటుంబం బతుకు ఆ మోకాలి మీద ఉన్నప్పుడు ఆడు అని మనం సోఫాలో కూర్చుని ఎలా చెప్తాం. దీని వల్ల మ్యాచ్ పాడవుతుంది, అది నిజమే, 2023లో ఒక్క ఓటమీ లేని ఫ్లోరిడా స్టేట్ సగం టీం లేకుండా ఆరెంజ్ బౌల్‌కి వెళ్ళి జార్జియా చేతిలో 63-3తో ఓడింది, చూడలేకపోయా. ఇల్లినాయ్‌కి 2011లో విట్నీ మెర్సిలస్ ఉన్నాడు, దేశంలో అందరికన్నా ఎక్కువ, 16 శాక్‌లు (అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొట్టడం), బౌల్ ఆడాడు, తర్వాత 26వ స్థానంలో హ్యూస్టన్ తీసుకుంది. ఏజే జెంకిన్స్‌ని 30వ స్థానంలో శాన్ ఫ్రాన్సిస్కో తీసుకుంది, చివరి కాలేజీ మ్యాచ్ ఆడింది కూడా ఆ ఊళ్ళోనే. వాళ్ళు ఆడారని నాకు గర్వం, ఇప్పటివాళ్ళు ఆడలేదని కోపం లేదు. ఇంకో మాట, స్టార్ తప్పుకున్న చోట పైన చెప్పిన స్కౌట్ కుర్రాడు నిలబడతాడు, నేనైతే బౌల్ పెట్టగానే ముందు వాణ్ణే వెతుకుతా.

మా అమ్మాయి కాలేజీ మార్చింగ్ బ్యాండ్‌లో శాక్సాఫోన్ వాయిస్తుంది. డిసెంబర్ 18కి విజయవాడ టికెట్లు ఎప్పుడో తీసుకున్నాం, ఇప్పుడు టీం బౌల్‌కి వెళ్తే తను రాను అంటోంది. తాతయ్య, అమ్మమ్మ ఎదురు చూస్తున్నారు. ఏం చెప్పాలి? — ఒక నాన్న, చికాగో దగ్గర

ఇది గట్టి చిక్కే అన్నగారూ. ముందు తేదీలు చెప్తా. ఏ టీం ఏ బౌల్‌కి అనేది డిసెంబర్ మొదట్లో ఒక ఆదివారం తేలుతుంది, అప్పటిదాకా డిసెంబర్ మధ్యా, జనవరి మొదటా అన్నది ఎవరికీ తెలీదు. ఆరు గెలిచిన టీంకి ఎక్కువగా జనవరి 1 పెద్ద బౌల్‌లు రావు, డిసెంబర్‌లోనే అయిపోతాయి. కాబట్టి అమ్మాయి మ్యాచ్ అయిన మర్నాడు బయల్దేరితే సంక్రాంతికి అక్కడ ఉండొచ్చు, కాలేజీ మొదలయ్యే తేదీ ఒక్కటి చూస్కోండి. బ్యాండ్ పిల్లల ప్రయాణం, హోటల్ మామూలుగా కాలేజీయే చూస్తుంది, అది కూడా బ్యాండ్ డైరెక్టర్‌ని ఒకసారి అడగండి.

తను ఎందుకు పట్టు పడుతోందో మాత్రం కోపగించుకోకుండా వినండి. టీం ఓడిన మ్యాచ్‌ల్లో కూడా ఆ పిల్ల గట్టు మీద చలిలో నిలబడి వాయించే ఉంటుంది, జనం మూడో క్వార్టర్‌కే లేచి వెళ్ళిపోతుంటే ఖాళీ మెట్ల ముందు వాయించి ఉంటుంది. మీరిద్దరూ 18నే వెళ్ళండి, తన టికెట్ ఒక్కటీ మార్చండి, మార్పు రుసుము ఎంతో ఈ వారమే ఏర్‌లైన్స్‌కి ఫోన్ చేసి కనుక్కోండి, ఆలస్యమయ్యే కొద్దీ పండగ రేట్లు పెరుగుతాయి. మ్యాచ్ రాత్రి టీవీలో వస్తే విజయవాడలో తెల్లవారుజామో పొద్దున్నో అవుతుంది, అమ్మమ్మగారిని, తాతయ్యగారిని లేపి కూర్చోబెట్టండి, హాఫ్‌టైంలో బ్యాండ్‌ని టీవీలో చూపించరు చాలాసార్లు, కానీ టచ్‌డౌన్ అయినప్పుడు వినిపించే పాట వాళ్ళదే, అందులో మనవరాలి శాక్సాఫోన్ కూడా ఉందని చెప్పండి.