టెక్ సందేహాలు: మీ కారు రీమ్యాప్ ఫైలు ఎవరు రాస్తున్నారు?

ప్రశ్న: నాది టర్బో పెట్రోల్ కారు. వారంటీ గడువు ముగిసింది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించి, అంటే అందులోని సాఫ్ట్‌వేర్‌ను మార్పించి, పవర్ పెంచుకోవాలని ఉంది. అందుబాటులో మూడు షాపులున్నాయి. ముగ్గురూ ‘స్టేజ్ 1’ (భాగాలు మార్చకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చడం) అంటున్నారు, అరగంటలో పని అయిపోతుందని చెబుతున్నారు. వీరిలో ఎవరిని నమ్మాలి?

జవాబు: కారు పేరు, ఇంజిన్ సైజు మారుతుంటాయి గానీ ఈ ఉత్తరం నాకు వస్తూనే ఉంటుంది. ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుంది, ఎవరు తక్కువలో చేస్తారు అని అడుగుతారు. నా ఇంజిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను తిరగరాస్తున్నది ఎవరు అని మాత్రం ఎవరూ అడగరు. అన్నిటికంటే ముందు అడగవలసింది అదే.

చాలా షాపుల్లో పని ఇలా జరుగుతుంది. డాష్‌బోర్డు కింద ఉన్న డయాగ్నస్టిక్ పోర్టుకు పరికరం తగిలించి ఈసీయూలోని ఫైలును చదువుతారు. దాన్ని ఇంటర్నెట్ ద్వారా ఒక ఫైల్ సర్వీసుకు పంపిస్తారు. అక్కడ ఎవరో మార్చి తిప్పి పంపిన ఫైలును వీరు కారులోకి ఎక్కిస్తారు. ఈ పరికరాల్లో మాస్టర్, స్లేవ్ అని రెండు రకాలున్నాయి. స్లేవ్ పరికరం చదివిన ఫైలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దానితో జత కట్టిన మాస్టర్ పరికరం ఎవరి దగ్గర ఉందో వారే దాన్ని తెరవగలరు. అంటే షాపులో ఉన్నది స్లేవ్ పరికరమైతే, మీ కారు ముందు నిలబడి మీతో మాట్లాడుతున్న మనిషికి, తాను ఎక్కిస్తున్న ఫైలులో ఏముందో చూసే వీలే లేదు.

దూరాన ఉన్న ట్యూనర్ పనిమంతుడు కాకూడదని ఏమీ లేదు. ఎంతో శ్రద్ధగా చేసేవారున్నారు. అయితే మీ కారు పరిస్థితి ఆయనకు తెలిసే దారి ఒక్కటే, లాగ్. డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద మూడో గేరులో 2000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి 6000 దాకా లాగినప్పుడు, ఈసీయూ కోరిన బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) ఎంత, నిజంగా అందిన బూస్ట్ ఎంత, గాలి–ఇంధనం నిష్పత్తి ఎలా ఉంది, లోపలికి వచ్చే గాలి వేడి ఎంత, ఒక్కో సిలిండర్‌లో నాక్ (ఇంధనం అదుపు తప్పి మండటం) కారణంగా ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే ప్లగ్ నిప్పురవ్వ వేసే క్షణాన్ని, ఎన్ని డిగ్రీలు వెనక్కి తీసింది అన్నవన్నీ ఆ లాగ్‌లో వరుసగా నమోదవుతాయి. మిగతా మూడు సిలిండర్లు సున్నా దగ్గర ఉండి, మూడో సిలిండర్‌లో మాత్రం టైమింగ్ నాలుగైదు డిగ్రీలు వెనక్కి వెళుతుంటే ఆ సిలిండర్‌లో ఏదో జబ్బు ఉంది. ప్లగ్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కార్బన్ కావచ్చు. కోరిన బూస్ట్ అందకపోతే గొట్టాల్లో ఎక్కడో గాలి కారుతూ ఉండవచ్చు. ఆ సంగతి తేల్చకుండా పవర్ పెంచితే పిస్టన్ మీదికే వస్తుంది.

కాబట్టి మూడు షాపులకూ వెళ్లి ఒకే మాట అడగండి: “ఏమీ మార్చకముందు నా కారు లాగ్ తీస్తారా? ఎక్కించిన తర్వాత మళ్లీ తీసి, ఫైలు రాసినవారికి పంపి, అవసరమైతే సరిదిద్దిస్తారా?” ముందు లాగ్ తీయని షాపు నుంచి అక్కడికక్కడే బయటికి వచ్చేయండి. ఫైలు ఎక్కించడానికి అరగంట చాలు. ట్యూన్ చేయడానికి చాలదు. అరగంటలో అయిపోతుందని చెప్పేవారు మీ కారుకు పని చేయడం లేదు. అదే మోడల్‌కు ఎప్పుడో తయారైన ఫైలును మీకూ ఎక్కిస్తున్నారు.

షాపులోకి అడుగు పెట్టగానే మరొకటి గమనించండి. ఫైలు రాస్తున్నంతసేపూ ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటుంది, ఇంజిన్ ఆగి ఉంటుంది. కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాను కూడా తిరుగుతూ ఉంటుంది. మధ్యలో బ్యాటరీ వోల్టేజ్ పడిపోతే రాత సగంలో ఆగి, ఈసీయూ పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే తెలిసినవారు వోల్టేజ్‌ను స్థిరంగా నిలిపే పవర్ సప్లై తగిలించిన తర్వాతే రాయడం మొదలుపెడతారు. అది లేకుండా పని మొదలుపెట్టే చోట కారు తాళం ఇవ్వకండి.

డైనో అంకెల గురించి ఒక్క మాట. ముందూ తర్వాతా ఒకే డైనో మీద, ఒకే రోజు, ఒకే కరెక్షన్ పద్ధతిలో (వాతావరణాన్ని బట్టి అంకెను సవరించే లెక్క) కొలిస్తేనే తేడాకు అర్థం ఉంటుంది. ముందు అంకె చక్రాల దగ్గరిది, తర్వాతి అంకె ఎప్పుడూ ఎక్కువగా ఉండే క్రాంక్ (ఇంజిన్) దగ్గరిది వేసి చూపిస్తే అది మోసం.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే సంగతి. ఖరీదైన ట్యూనింగ్ పరికరాలకు నకిలీలు విచ్చలవిడిగా దొరుకుతున్నాయి. వాటితో వచ్చే సాఫ్ట్‌వేర్ తాళాలు విరగ్గొట్టినది. ‘యాంటీవైరస్ ఆపేయండి, అప్‌డేట్ చేయకండి, ఇంటర్నెట్‌కు కలపకండి’ అన్న సూచనలతోనే అది చేతికి వస్తుంది. లోపల ఇంకేం దాగి ఉందో అమ్మినవాడు చెప్పడు, కొన్నవాడు వెతకడు. ఆ ల్యాప్‌టాప్‌నే తీసుకొచ్చి మీ కారు ఇంజిన్ కంప్యూటర్‌కు కలుపుతారు. ఫోనులో తెలియని యాప్ వేయడానికి వెనకాడే మనిషి, టన్నుకు పైగా బరువుండి వేగంగా పరుగెత్తే యంత్రాన్ని అలాంటి ల్యాప్‌టాప్‌కు అప్పగించి కాఫీ తాగడానికి వెళుతున్నాడంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

వారు చదివి తీసుకునే ఫైలును కూడా తేలిగ్గా చూడకండి. పూర్తి రీడ్ చేస్తే ఇంధన, ఇగ్నిషన్ మ్యాప్‌లతో (ఎప్పుడు ఎంత అని చెప్పే పట్టికలు) పాటు మీ కారును గుర్తించే వీఐఎన్ సంఖ్య కూడా అందులోకి వస్తుంది. పాత నమూనాలు చాలావాటిలో ఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్‌లో, సరైన తాళం లేకుండా ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ రహస్య సమాచారం సైతం ఉంటుంది. కొత్త తాళాన్ని కారుకు పరిచయం చేయడానికి ఉపయోగపడేది అదే. ఆ ఫైలు షాపు ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, ఈమెయిల్‌లో ఉంటుంది, ఎవరిదో తెలియని ఫైల్ సర్వీసు సర్వర్‌లో ఉంటుంది. మీ పేరు, ఫోను నంబరు ఎలాగూ షాపు బిల్లు మీద ఉంటాయి. ఇవన్నీ ఒకే చోట చేరితే దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే.

ఏమేం చదివారో అడగండి. మ్యాప్ మార్చడానికి ఈప్రామ్ అవసరం లేకపోతే అది చదవవద్దని చెప్పండి. ఒరిజినల్ ఫైలు కాపీ మీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. దాని పక్కనే ఈసీయూ హార్డ్‌వేర్ సంఖ్య, సాఫ్ట్‌వేర్ సంఖ్య, తేదీ రాసుకోండి. ‘మా దగ్గర భద్రంగా ఉంటుంది, మీకెందుకు’ అనే షాపును నమ్మకండి. అది మీ కారు ఫైలు. రేపు ఆ షాపు మూతపడితే మీ కారును పాత స్థితికి తెచ్చుకునే దారి మీ చేతిలోనే ఉండాలి.

చివరిగా, ఏ పని చేయబోమంటారో అడిగి చూడండి. క్యాటలిటిక్ కన్వర్టర్‌నో, డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్‌నో తీసేసి ఆ సెన్సర్ల ఫిర్యాదులు రాకుండా కోడ్ ఆపేయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. అడిగిన వెంటనే ‘చేసేద్దాం’ అనేవారు మీరు అడగని హెచ్చరికలను కూడా ఆపేయరని భరోసా ఏమిటి? ఇంజిన్ లైటు వెలగకుండా చేయడం బాగుచేయడం కాదు. ఏయే ఫాల్ట్ కోడ్‌లు ఆపారు, ఏయే టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పరిమితులు ఎంతకు పెంచారు అన్నది కాగితం మీద రాసివ్వగలిగిన షాపు దొరికితే, అది కాస్త దూరమైనా అక్కడికే వెళ్లండి.

ప్రశ్న: డయాగ్నస్టిక్ పోర్టులో గుచ్చితే చాలు, మైలేజీ, పవర్ రెండూ పెరుగుతాయని ఒక చిన్న పెట్టె అమ్ముతున్నారు. కొనవచ్చా?

జవాబు: కొనకండి. ఈ తరహా పెట్టెలను విప్పి చూసినవారికి దీపాలు వెలిగించే ఒక చిన్న చిప్ దొరికింది గానీ, కారు నెట్‌వర్క్‌తో మాట్లాడటానికి కావలసిన చిప్ కనబడలేదు.

ప్రశ్న: రీమ్యాప్ చేసిన షాపువారు బ్లూటూత్ డాంగిల్ (పోర్టులో గుచ్చే చిన్న పరికరం) ఇచ్చి, లాగ్‌ల కోసం దాన్ని ఎప్పుడూ పోర్టులోనే ఉంచమన్నారు. ఏమైనా ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. లాగ్ తీసేటప్పుడు పెట్టండి, అయిపోగానే తీసేయండి. చవక డాంగిల్స్‌లో పెయిరింగ్ పిన్ సాధారణంగా 1234 లేదా 0000. దాన్ని మార్చే వీలు కూడా చాలావాటిలో ఉండదు. పక్కన కారు ఆపిన ఎవరైనా కలవవచ్చు. మీ కారులోని కంప్యూటర్ యూనిట్లు మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్ 1986లో వెలుగులోకి వచ్చిన పద్ధతి. అందులో సందేశానికి ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది గానీ, పంపింది ఎవరో నిర్ధారించుకునే ఏర్పాటు లేదు. లోపలికి చేరిన ప్రతి గొంతునూ తనవారి గొంతుగానే వింటుంది. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇదే పోర్టులో పెట్టిన ఒక డాంగిల్‌కు ఎస్సెమ్మెస్‌లు పంపి, కదులుతున్న కారు బ్రేకులను తమ అదుపులోకి తీసుకుని చూపించారు. అది సిమ్ ఉన్న డాంగిల్, మీది బ్లూటూత్‌ది. దూరం తగ్గిందే గానీ తలుపు అదే.

ప్రశ్న: రీమ్యాప్ తర్వాత కారు హుషారుగా ఉండేది. మామూలు సర్వీసుకు ఇచ్చి తెచ్చాక మందకొడిగా మారింది. సర్వీసువారు ఏమీ మార్చలేదంటున్నారు. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: సర్వీసులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉంటారు, దాంతో మీ ట్యూన్ చెరిగిపోయి ఉంటుంది. అనుమానం తీర్చుకోవడానికి మామూలు స్కానర్ చాలు. ఓబీడీలో (పోర్టు ద్వారా కారును ప్రశ్నించే పద్ధతి) తొమ్మిదో మోడ్ అడిగితే ఇంజిన్ కంప్యూటర్ మనకు కావలసిన రెండు సమాధానాలిస్తుంది: ఒకటి కాలిబ్రేషన్ ఐడీ, రెండోది ఆ సాఫ్ట్‌వేర్ నుంచి లెక్కగట్టిన ధ్రువీకరణ సంఖ్య, సీవీఎన్. సర్వీసుకు ముందూ తర్వాతా ఈ రెండూ రాసుకుని ఉంటే వాదనే ఉండేది కాదు. పాత సీవీఎన్‌నే చూపించేలా ఫైలు మార్చే ట్యూనర్లూ ఉన్నారు కాబట్టి, మీ ట్యూనర్ ఆ పని చేశారో లేదో కూడా అడగండి.

ఇక్కడ నా బాధ మీ ప్రశ్నను దాటి పోతోంది. మామూలు ఫోనులో సెట్టింగ్స్ తెరిస్తే సాఫ్ట్‌వేర్ వెర్షన్, అప్‌డేట్ వచ్చిన తేదీ కనిపిస్తాయి. చేటంత తెర, సీటు వెంటిలేషన్‌కు మూడు మెనూలు పెట్టిన కారులో, ఇంజిన్‌ను నడుపుతున్న సాఫ్ట్‌వేర్ ఏదో, దాన్ని చివరిసారి ఎప్పుడు తిరగరాశారో చూపించే చోటు చాలావాటిలో లేదు. ఆ సంఖ్య కంప్యూటర్ దగ్గర సిద్ధంగానే ఉంది. తెర మీద ఒక వరుస వేయడానికి కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. ఆ ఒక్క వరుస ఉంటే ట్యూనర్ చెప్పింది నిజమో కాదో, సర్వీసువారు చెప్పింది నిజమో కాదో, కొనబోయే పాత కారును ఎవరైనా గెలికారో లేదో చాలావరకు కారులో కూర్చుని చూసుకోవచ్చు. దానికి బదులు కొన్ని కొత్త కార్లలో పోర్టు ముందు సెక్యూరిటీ గేట్‌వే పెట్టి, అనుమతి లేని స్కానర్‌తో యజమాని తన కారు ఫాల్ట్ కోడ్‌ను తానే చెరిపేసుకోకుండా అడ్డుపడుతున్నారు. బయటివారు రాయకుండా గేటు వేయడం న్యాయమే, ఆలస్యంగానైనా వేసినందుకు సంతోషం. యజమాని తన ఫాల్ట్ కోడ్ చెరుపుకునే కిటికీని కూడా మూసేయడం మాత్రం నాకు ఏ కోణంలోనూ భద్రతగా కనబడదు.

మీ కారు సంగతికి వస్తే, పాత ట్యూన్ ఫైలును తిరిగి ఎక్కించమని తొందరపడకండి. సర్వీసులో వచ్చిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ వేరై ఉంటే, పాత ఫైలు దాని మీద సరిపోకపోవచ్చు. సర్వీసులో మార్చినవాటిలో అవసరమైన సవరణలు ఉండి ఉంటే అవి కూడా పోతాయి. ముందు కాలిబ్రేషన్ ఐడీ చదివించి ట్యూనర్‌కు పంపండి. కొత్త వెర్షన్ మీద మార్పులు మళ్లీ చేసి, మళ్లీ లాగ్ తీసి ఇవ్వమనండి.